ఒక్కపొద్దు ఎవరి కోసం?



2026 ఫిబ్రవరి నెలలో ఒక విశేషం వచ్చింది. 15వ తేదీన మహాశివరాత్రి. 18న క్రైస్తవుల విభూది బుధవారం. ఆ వారంలోనే రంజాన్ నెల ప్రారంభం. ఒకే వారంలో మూడు మతాల ఇళ్ళలోనూ ఉపవాసాలు వచ్చాయన్నమాట. మా జనగామ వంటి వూళ్ళలో ఈ మూడు మతాలవాళ్ళమూ గోడకు గోడ ఆనించుకుని కాపురాలు చేస్తాం. శివరాత్రికి ఒక్కపొద్దున్న ఆవిడను "ఎందుకున్నావమ్మా?" అని ఎవరూ అడగరు. తెల్లవారుజామున లేచి సహరీ వండే ఆవిడనూ అడగరు. క్రైస్తవ స్త్రీని మాత్రం అడుగుతారు, "మీక్కూడా ఉపవాసాలుంటాయా?" అని. బయటివాళ్ళకైతే ఏదో ఒక మాట చెప్పి వూరుకోవచ్చు. ఇంట్లో పిల్లలే అడుగుతున్నారు కదా! "ఈ రోజుల్లో ఇదంతా ఎందుకమ్మా? మనం ఆకలితో వుంటే దేవుడికి ఏం వస్తుంది?" అంటున్నారు. ఇది కసిరి కొట్టవలసిన ప్రశ్న కాదు. కూర్చుని జవాబు చెప్పవలసిన ప్రశ్న.

ముందు మన గ్రంథం ఏం చెబుతున్నదో చూద్దాం. బైబిలులో ఉపవాసాలకు కొదవ లేదు. మోషే కొండమీద నలభై రోజులు వున్నాడు. తన జాతికి ప్రాణాపాయం వచ్చినప్పుడు ఎస్తేరు రాణి మూడు రోజులు ఉపవాసం వుండి, తనవాళ్ళందరినీ వుండమన్నది. దానియేలు మూడు వారాలు రుచిగల భోజనమూ, మాంసమూ, ద్రాక్షారసమూ మానుకున్నాడు. దేవాలయంలో అన్న అనే ముసలి విధవరాలు ఉపవాస ప్రార్థనలతోనే కాలం గడిపింది. యేసుప్రభువు తన పని ప్రారంభించే ముందు అరణ్యంలో నలభై రోజులు వున్నాడు. కనుక "మనకు ఉపవాసాలు లేవు" అనడం సరికాదు.

అయితే ప్రభువు రెండు హెచ్చరికలు కూడా చేశాడు. ఒకటి, ఉపవాసం వున్నప్పుడు ముఖం వేలాడేసుకుని నలుగురికీ తెలిసేటట్టు తిరగవద్దన్నాడు. చక్కగా ముఖం కడుక్కుని, తలకు నూనె రాసుకుని మామూలుగా వుండమన్నాడు. రెండవది, వారానికి రెండుసార్లు ఉపవాసం వుంటున్నానని గొప్పగా చెప్పుకున్న పరిసయ్యుడి కంటే, తలెత్తడానికి కూడా సిగ్గుపడిన సుంకరే నీతిమంతుడుగా ఇంటికి వెళ్ళాడని ఉపమానం చెప్పాడు. అంటే ఉపవాసం వద్దనలేదు, దాన్ని మెడలో హారంలా వేసుకుని తిరగవద్దన్నాడు.

వీటన్నిటికంటే గట్టిగా మాట్లాడినవాడు యెషయా ప్రవక్త. ఆయన గ్రంథం 58వ అధ్యాయం ఒకసారి చదవండి. ఉపవాస దినాన కూడా మీరు మీ పనివాళ్ళ చేత గొడ్డుచాకిరీ చేయించుకుంటున్నారు, తగవులాడుకుంటున్నారు, ఇది దేవుడు కోరిన ఉపవాసమా అని ఆయన నిలదీశాడు. దేవుడు కోరేది ఆకలిగొన్నవాడికి మన అన్నంలో భాగం పెట్టడం, గూడు లేనివాడికి చోటివ్వడం, బట్ట లేనివాడికి కప్పడం అన్నాడు. ఈ ఒక్క అధ్యాయాన్ని పట్టుకుంటే పిల్లల ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మన ఆకలితో దేవుడికి పని లేదు. మనం తినకుండా మిగిల్చింది ఎవరి కంచంలో పడిందన్నదే ఆయనకు పట్టింపు.

ఈ మాట నేను కొత్తగా కల్పించింది కాదు. తొలినాటి సంఘం కూడా అలాగే అర్థం చేసుకుంది. అపొస్తలుల కాలానికి దగ్గరలోనే పుట్టిన 'డిడాకే' అనే చిన్న గ్రంథం బుధ, శుక్రవారాల్లో ఉపవాసం వుండమని విశ్వాసులకు చెప్పింది. రెండవ శతాబ్దంలో రోము నగరంలో వెలువడిన 'హెర్మాసు కాపరి' అనే పుస్తకం ఇంకొక మెట్టు పైకి వెళ్ళింది. ఉపవాసం నాడు రొట్టె, నీళ్ళు మాత్రమే తీసుకో, ఆ రోజు మామూలుగా నీ భోజనానికి ఎంత ఖర్చయ్యేదో లెక్కవేసి, అంతా ఒక విధవరాలికో, అనాథకో, లేనివాడికో ఇవ్వు అని చెప్పింది. చూశారా! పద్దెనిమిది వందల ఏళ్ళ క్రిందటే ఉపవాసానికి ఇంటిఖర్చుల పద్దు పుస్తకం జోడించారు. ఇది మన ఇల్లాళ్ళకు బాగా అర్థమయ్యే భాష.

నలభై రోజుల నియమం తర్వాత తర్వాత స్థిరపడింది. క్రీ.శ. 325లో నైసియా మహాసభ చేసిన నియమాల్లోనే ఆ నలభై రోజుల ప్రస్తావన వుంది. క్యాలెండరు ముందు పెట్టుకుని లెక్కపెడితే విభూది బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం వరకు 46 రోజులు వస్తాయి. "నలభై అన్నారు, నలభై ఆరు వచ్చాయేమిటి?" అని పిల్లలు అడుగుతారు. ఆదివారం ప్రభువు తిరిగి లేచిన దినం కనుక ఆ రోజు ఉపవాసం వుండకూడదు. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు తీసేస్తే సరిగ్గా నలభై. కతోలికులు దీన్ని తపస్సు కాలమంటారు, సి.ఎస్.ఐ. వాళ్ళు శ్రమకాలమంటారు, లెంటు దినాలని కూడా అంటారు. పేర్లు వేరైనా రోజులవే.

మరి నియమం పెట్టిన తర్వాత దాని చుట్టూ చిక్కులు కూడా వస్తాయి కదా. 1522లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్ పట్టణంలో ఒక చిత్రమైన గొడవ జరిగింది. లెంటు రోజుల్లో ఒక అచ్చుయంత్రం యజమాని ఇంట్లో పనివాళ్ళు ఎండబెట్టిన మాంసం ముక్కలు తిన్నారు. పట్టణమంతా గగ్గోలు. "రాత్రింబగళ్ళు పని చేస్తున్నాం, వుట్టి జావతో ఒళ్ళు నిలవడం లేదు" అని ఆ యజమాని సమాధానం చెప్పుకున్నాడు. అక్కడి బోధకుడు జ్వింగ్లీ ఆ పనివాళ్ళను వెనకేసుకొచ్చాడు. ఉపవాసం ఇష్టపూర్వకంగా చేయవలసింది కానీ, చట్టం పెట్టి చేయించవలసింది కాదని ప్రసంగించాడు. ప్రొటెస్టెంటు సంఘాలలో చాలావాటికి ఉపవాసం విషయంలో నిర్బంధ నియమాలు లేకపోవడానికి మూలం ఇటువంటి వాదాలలో వుంది. అంతమాత్రాన వాళ్ళు ఉపవాసం వదిలేశారనుకోవద్దు. మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం మూడు గంటల వరకు ఉపవాసం పాటించాడు. ఎవరూ బలవంతం చేయకుండానే పాటించాడు.

కతోలిక సంఘంలో నియమం ఎలా మారిందో కూడా చెప్పుకోవాలి. మా అమ్మమ్మల కాలంలో పూజలో దివ్యసత్ప్రసాదం తీసుకునేవాళ్ళు ముందురోజు అర్ధరాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. 1953లో నీళ్ళు తాగవచ్చన్నారు. 1957లో మూడు గంటల ముందు వరకు తినవచ్చన్నారు. 1964 నుంచి అది ఒక్క గంటకు తగ్గింది. తపస్సు కాలంలోని నలభై రోజులూ ఒక్కపొద్దు వుండాలన్న పాత నియమాన్ని 1966 ఫిబ్రవరిలో ఆరవ పాల్ పోపుగారు సడలించారు. ఇప్పుడు సంఘమంతటికీ నిర్బంధమైన ఒక్కపొద్దులు రెండే. ఒకటి విభూది బుధవారం, రెండవది గుడ్ ఫ్రైడే. ఆ రెండు రోజులూ ఒక పూట పూర్తి భోజనం చేయవచ్చు. మిగిలిన రెండు పూటలూ కొద్దిగా తీసుకోవచ్చు. ఈ నియమం 18 ఏళ్ళు నిండినవారి నుంచి 59 ఏళ్ళు నిండేవారి వరకే. మాంసం మానే నియమం 14 ఏళ్ళు నిండిన తర్వాతనే. చిన్నపిల్లలకూ, వృద్ధులకూ, రోగులకూ నిర్బంధం లేదు.

"అయితే సంఘం సుఖానికి అలవాటు పడిపోయిందా?" అని పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. నిజానికి ఆ 1966 నాటి పత్రంలో ఆలోచించవలసిన మాట ఒకటి వుంది. కలిగిన దేశాల్లో వున్నవాళ్ళు తమ సుఖాన్ని తగ్గించుకుని లేనివాళ్ళకు ఇవ్వాలి. కడుపు నిండని దేశాల్లో వున్నవాళ్ళు తమ కష్టాన్నే దేవుడికి అర్పించుకుంటూ, న్యాయం కోసం పాటుపడాలి. స్థూలంగా దాని భావం ఇది. రోజూ అర్ధాకలితో వున్నవాడి దగ్గరకు వెళ్ళి "ఉపవాసం వుండు నాయనా" అని చెప్పడంలో అర్థం లేదు కదా! అతని దగ్గరకు అన్నం పట్టుకుని వెళ్ళాలి. నియమం తేలికైంది నిజమే. పెట్టవలసిన బాధ్యత మాత్రం తేలిక కాలేదు, ఇంకా బరువెక్కింది.

ఈ పెట్టవలసిన బాధ్యతను ఎక్కడో రోములో, జ్యూరిచ్‌లో వెతుక్కోనక్కరలేదు. మన మానుకోట పక్కనే వుంది. కాజీపేట నుంచి విజయవాడ వెళ్ళే రైలెక్కితే మహబూబాబాదు దాటాక డోర్నకల్ జంక్షను వస్తుంది. భద్రాచలం రోడ్డుకు వెళ్ళే లైను అక్కడే చీలుతుంది. ఇప్పుడు అది మహబూబాబాదు జిల్లాలో వుంది. ఒకప్పుడు నిజాం రాజ్యంలోని చిన్న పల్లె. తిరునల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన వి. ఎస్. అజరయ్యగారు 1909లో సేవ కోసం అక్కడికి వచ్చారు. తెలుగు ఆయన భాష కాదు, వచ్చి నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. డోర్నకల్లులో ఆయన కట్టించిన ఎపిఫనీ దేవాలయం 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. గుమ్మటాలూ, మినార్లూ, గుడి స్తంభాలూ కలిసిన ఆ కట్టడాన్ని చూస్తే ఇది ఇక్కడి మట్టిలో పుట్టిన దేవాలయమని తెలిసిపోతుంది. 1945 జనవరి 1న డోర్నకల్లులోనే ఆయన కన్నుమూశారు.

ఉపవాసం మాటల్లో ఆయన ప్రసక్తి ఎందుకంటారా? చెబుతాను. ఆయన సంఘంలో చేరినవాళ్ళలో అత్యధికులు రెక్కల కష్టం మీద బతికే వ్యవసాయ కూలీలు. అంటరానివాళ్ళని వూరి బయట వుంచిన కుటుంబాలు. జొన్న గట్క, మక్క గట్క తాగి పొలానికి వెళ్ళేవాళ్ళు. పని లేని రోజు పొయ్యి వెలగని ఇళ్ళవి. అటువంటివాళ్ళకు ఎవరైనా ఏం నేర్పుతారు? చేయి చాచడం నేర్పుతారు. అజరయ్యగారు ఇవ్వడం నేర్పారు. క్రైస్తవుడు ఇవ్వడం ఎలా నేర్చుకోవాలన్న విషయం మీద 'క్రిస్టియన్ గివింగ్' అనే పుస్తకమే రాశారు. తెలుగు సంఘాల్లో ఈనాటికీ వినబడే గుప్పెడు బియ్యం ఆచారం ఇటువంటి బోధ వల్లనే నిలబడింది. ఇల్లాలు పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కొలుచుకున్న తర్వాత అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం గుడికి తీసుకెళ్తుంది. అంతే. చందా పుస్తకం లేదు, రసీదు లేదు. ఆ గుప్పెడు తగ్గింది ఎవరి కంచంలో? చాలాసార్లు ఆ ఇల్లాలి కంచంలోనే. పేరు పెట్టకపోయినా అది ఉపవాసం కాక మరేమిటి?

ఈ లెక్క మన ఇంట్లో వేసి చూద్దాం. మామూలు ఆడవాళ్ళ గుప్పెడు బియ్యం 40 నుంచి 50 గ్రాములు తూగుతాయి. పూటకు ఒక గుప్పెడు, రోజుకు రెండు. 46 రోజులకు 92 గుప్పెళ్ళు. తక్కువలో తక్కువ మూడున్నర కిలోలు, ఎక్కువలో నాలుగున్నర కిలోలు. ఒక ఇంటికి ఇది లెక్కలోకి రాదు. అదే యాభై ఇళ్ళున్న సంఘమైతే దాదాపు రెండు క్వింటాళ్ళు! ఒంటరిగా వుండే ముసలివాళ్ళు పదిమందికి ఒక్కొక్కరికి ఇరవై కిలోలు ఇవ్వవచ్చు. ఇక తపస్సు కాలంలో శుక్రవారాలు గుడ్ ఫ్రైడేతో కలిపి ఏడు వస్తాయి. ఆ ఏడు రోజులూ కోడి, మేక మానేసిన ఇంట్లో ఎంత డబ్బు మిగిలిందో మీకు నేను చెప్పాలా? ఆ డబ్బు మళ్ళీ మన పర్సులోనే వుండిపోతే అది పొదుపు అవుతుంది కానీ ఉపవాసం కాదు. కతోలిక బిషప్పుల ఆధ్వర్యంలో 1962లో ఏర్పడిన కారితాస్ ఇండియా సంస్థకు ఏటా తపస్సు కాలంలో గుళ్ళలో విరాళాలు పోగు చేయడం వెనుక వున్న ఆలోచన కూడా ఇదే.

ఇప్పుడు వంటింట్లోకి వద్దాం. ఉపవాసం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నా, వంటింటి సంగతి ఎవరూ ఎత్తరు. ఇంట్లో నలుగురు నాలుగు రకాలుగా ఉపవాసం వుంటారు. అత్తగారు సాయంత్రం వరకు ఏమీ ముట్టరు. ఆరు కొట్టేసరికి ఆమెకు వేడివేడిగా ఉప్మాయో, దోసెలో కావాలి. మామగారికి అన్నం పడదు, చపాతీ కావాలి. ఆయనకు మాంసం లేదు కనుక దానికి బదులు రెండు కూరలు, ఒక వేపుడు, ఒక పప్పు వుండాలి. పిల్లలు వుండరు కనుక వాళ్ళకు మామూలు వంట. ఈ నాలుగు వంటలూ చేసే కోడలు కూడా పొద్దున్నుంచి ఉపవాసమే! సాయంత్రం ప్రార్థన కూటానికి వచ్చిన పదిమందికి చాయ్ పెట్టేదీ ఆమెనే. మహబూబాబాదులో మా బంధువుల ఇంట్లో ఒక కోడలు నవ్వుతూ అన్నమాట చెబుతాను. "అత్తమ్మా, మామూలు రోజుల్లో రెండు పూటలే వంట. ఉపవాసమొస్తే మాత్రం నాకు నాలుగు పూటల వంట" అన్నది. నవ్వుతూనే అన్నది కానీ, యెషయా ప్రవక్త అడిగిన ప్రశ్న కూడా ఇదే కదా! ఉపవాస దినాన మీ పనివాళ్ళ చేత చాకిరీ చేయిస్తున్నారా అని. ఆ పనివాళ్ళలో ఇంటి కోడలూ వుంది, గిన్నెలు తోమే పనిమనిషీ వుంది.

కాబట్టి ఉపవాసం రోజున వంట తగ్గాలి. ఇది మొదటి సూత్రం. అందరికీ ఒకటే వంట. గంజో, జావో, పప్పూ అన్నమో, ఏదైనా ఒక్కటి. అది వండడానికి మగవాళ్ళు కూడా చేయి వేయాలి. మిగిలిన ఆ గంట ఇల్లాలికి ప్రార్థనకు దొరకాలి. కమ్మటి పదార్థాలు వెతికి వెతికి తినే ఉపవాసం కంటే, రోజూ తినే పప్పన్నం తృప్తిగా తిని ఒక పేదవాడికి పెట్టడం మేలు. ఆకలి రుచి ఎరుగదంటారు పెద్దలు. నిజంగా ఆకలి వేస్తే గంజి కూడా అమృతమే. ఆ సంగతి మనకు తెలియడానికే కదా ఉపవాసం!

ఇక అతి ముఖ్యమైన విషయం ఆరోగ్యం. ఈ మాట కొంచెం శ్రద్ధగా వినండి. ఈ రోజుల్లో సంఘాల్లో ఉపవాస ప్రార్థనలు పెరిగాయి. ప్రతి శుక్రవారం ఉపవాస కూటం, ఇరవై ఒక్క రోజుల ఉపవాసం, నలభై రోజుల ఉపవాసం అని పెడుతున్నారు. భక్తి పెరిగితే సంతోషమే. కానీ మన వాకిళ్ళలో షుగరు, బీపీ కూడా పెరిగాయి. మా వీధిలో ఒకావిడ అలవాటు ప్రకారం పొద్దున్నే షుగరు బిళ్ళ వేసుకున్నది. ఉపవాసం కనుక ఏమీ తినలేదు. పదకొండు గంటలకు ప్రార్థనలో మోకరించినామె అలాగే పక్కకు ఒరిగిపోయింది. కొందరు ఆత్మ ఆవేశమనుకున్నారు. పక్కనున్న నర్సమ్మ ఒకామె చెయ్యి పట్టి చూసి, చెమటలు గమనించి, ఆమెకు ఇంకా మింగే తెలివి వుండగానే పంచదార నీళ్ళు తాగించింది. పది, పదిహేను నిమిషాలకు తేరుకున్నది. ఆ నర్సమ్మ లేకపోతే ఏమయ్యేదో!

సంగతి ఏమిటంటే, షుగరు బిళ్ళల్లో గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటివీ, ఇన్సులిను ఇంజెక్షనూ తిండి వున్నా లేకపోయినా రక్తంలో చక్కెరను తగ్గిస్తూనే వుంటాయి. తిండి లేకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. 70 కంటే తగ్గితే అపాయం మొదలైనట్టే. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడదడలాడడం, మాట తడబడడం దాని గుర్తులు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. తేరుకున్న తర్వాత అన్నమో, రొట్టెనో తినిపించాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు, 108కి ఫోను చేయాలి. అలాగని ఉపవాసం కోసం బిళ్ళలు సొంతంగా మానేయడమూ తప్పే. ఫిట్సు మందులు, టీబీ మందులు, గుండె మందులు, బీపీ మందులు ఒక్కరోజు కూడా సొంత నిర్ణయంతో ఆపరాదు. ఉపవాసం వుండాలనిపిస్తే ముందే డాక్టరును అడగాలి. "మందు మానెయ్యి, ప్రార్థన చాలు" అని ఎవరు చెప్పినా, ఎంత పెద్దవారు చెప్పినా వినవద్దు. మందు కూడా దేవుడిచ్చిన వరమే.

గర్భిణులు, బాలింతలు, పాలిచ్చే తల్లులు ఉపవాసం వుండరాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత వుంది. అంటే ఈ ప్రసంగం వింటున్న మనలో ఇద్దరిలో ఒకరికన్నా ఎక్కువ! అసలే రక్తం తక్కువైన ఒంటిని ఇంకా ఎండగట్టడం ఏం భక్తి? తపస్సు కాలం ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది. ఎండలు ముదిరే కాలం. అందుచేత మంచినీళ్ళు మానే ఉపవాసం ఎవరికీ మంచిది కాదు. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుగనుల్లో పని చేసేవాళ్ళ ఇల్లాళ్ళు ఇది మరీ గుర్తుంచుకోవాలి. మొదటి షిఫ్టుకు గనిలోకి దిగే మనిషిని ఖాళీ కడుపుతో పంపకండి. అక్కడ కళ్ళు తిరిగితే ఆయనకే కాదు, పక్కనున్నవాళ్ళకూ ప్రమాదం. ఆ ఒక్కపొద్దును ఆయన సెలవు రోజుకు మార్చుకోవచ్చు. లేదా బీడీ, సిగరెట్టు, గుట్కా మానడమే ఆ నలభై రోజుల ఉపవాసంగా పెట్టుకోవచ్చు. అది ఇంటికీ మేలు, ఒంటికీ మేలు.

పిల్లల సంగతి కూడా చూడాలి. పదో తరగతి, ఇంటరు పరీక్షలు ఈ రోజుల్లోనే వస్తాయి. "ఉపవాసం వుంటే మంచి మార్కులు వస్తాయి" అని పిల్లలను పస్తు పెట్టే తల్లులు వున్నారు. మార్కులు చదివితే వస్తాయి. తిని, కంటినిండా నిద్రపోతేనే చదివింది గుర్తుంటుంది. పిల్లలకు ఉపవాసం నేర్పాలంటే ఐస్‌క్రీమ్ డబ్బులు డబ్బాలో వేయించండి. ఆ డబ్బా ఎవరికివ్వాలో వాళ్ళనే నిర్ణయించమనండి. ఫోను చూసే టైములో ఒక గంట తగ్గించి తాతయ్యతోనో, నాయనమ్మతోనో కూర్చోమనండి. మనం కూడా సీరియళ్ళలో ఒకటి తగ్గించుకోవచ్చు కదా!

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. "అన్నీ సడలించుకుంటూ పోతే చివరికి ఉపవాసం ఏం మిగులుతుంది? ఫోను మానేశాను, సీరియల్ మానేశాను అని చెప్పి కడుపునిండా తింటే సరిపోతుందా?" అని. న్యాయమైన సందేహమే. ఆరోగ్యం బాగున్నవాళ్ళు ఆకలి రుచి చూడాలి. పుస్తకం చదివినందువల్లా, ప్రసంగం విన్నందువల్లా ఆకలి తెలియదు. మధ్యాహ్నం రెండు గంటలకు కడుపు కాలితేనే, పని దొరకని రోజు అడ్డా మీద నిలబడిన కూలీ గుర్తుకొస్తాడు. ఒంటికి ఓపిక వున్నవాడు కడుపుతో ఉపవాసం చేయాలి, లేనివాడు చేతితో ఉపవాసం చేయాలి. చేతితో అంటే ఇవ్వడం. ఈ రెండోది మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. మంచంలో వున్న ముసలమ్మ కూడా తన పింఛనులోంచి పది రూపాయలు ఇవ్వగలదు, ఒకరి కోసం ప్రార్థన చేయగలదు.

కొన్ని చిన్న చిన్న సూచనలు చెప్పి ముగిస్తాను. ఉపవాసం మొదలుపెట్టే ముందే, ఈ నలభై రోజుల్లో మిగిలింది ఎవరికివ్వాలో ఇంట్లో అందరూ కూర్చుని నిర్ణయించుకోండి. పేరు తెలిసిన మనిషైతే మరీ మంచిది. వంట సామాను దగ్గర ఒక ఖాళీ డబ్బా పెట్టండి, గుప్పెడు బియ్యం దాంట్లో వేయండి. ఉపవాసం విడిచేటప్పుడు బిర్యానీతో విడవకండి. మొదట నీళ్ళు, తర్వాత మజ్జిగో, జావో, ఒక పండో తీసుకుని, కొంచెం సేపాగి అన్నం తినండి. ఉపవాసం వున్న రోజు కోపం ఎక్కువ వస్తుంది, అది అందరికీ అనుభవమే. ఆ రోజు పిల్లల మీద, పనిమనిషి మీద నోరు చేసుకోకుండా వుండగలిగితే అది సగం ఉపవాసం. ఎన్ని రోజులు వున్నారని ఒకరినొకరు అడగవద్దు. వుండలేకపోయిన వదినగారిని తక్కువ చేసి మాట్లాడవద్దు. ఆమె బిళ్ళల డబ్బా మనం చూడలేదు కదా! ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఆ రోజు పని తగ్గించండి, జీతం మాత్రం తగ్గించకండి.

పిల్లలు మళ్ళీ "ఎందుకమ్మా?" అని అడిగితే పెద్ద పెద్ద మాటలు చెప్పనక్కరలేదు. ఆ బియ్యం డబ్బా చేతికిచ్చి, నాలుగిళ్ళ అవతల ఒంటరిగా వున్న అవ్వకు ఇచ్చి రమ్మనండి. ఆ అవ్వ గడపలో కూర్చోబెట్టి రెండు మాటలు మాట్లాడి పంపిస్తుంది. జవాబు వాళ్ళే తెలుసుకుని ఇంటికి వస్తారు.